నార్వే బ్యాంకు లెక్కల్లో జారీ చేసిన బాండ్ల నోట్ సరిపెట్టడం

నార్వే బ్యాంకుల వార్షిక నివేదికలో, జారీ చేసిన బాండ్లూ సర్టిఫికెట్లూ (స్వల్పకాలిక అప్పు పత్రాలు) ఏడాదిలో ఎలా మారాయో చూపే పట్టిక ఒకటి నోట్‌గా ఉంటుంది: ప్రారంభ నిల్వ, కొత్త జారీ, గడువు తీరినవి, బైబ్యాక్, ఇతర మార్పులు, ముగింపు నిల్వ. దీన్ని ముందు ముఖవిలువ (బాండు మీద రాసి ఉన్న అసలు మొత్తం) మీదే కట్టండి. పుస్తక విలువ (బ్యాలెన్స్ షీటులో చూపే విలువ) జోలికి తర్వాత వెళ్లండి. రెండూ కలిపి మొదలుపెడితే తేడా ఎక్కడుందో పట్టుకోలేరు.

ప్రారంభ నిల్వ 800 మిలియన్ క్రోనర్, కొత్త జారీ 300 అనుకుందాం. 200 ముఖవిలువ ఉన్న ఒక బాండులో 50ని బ్యాంకు వసంతంలో తిరిగి కొన్నది, శరదృతువులో దాని గడువు తీరింది. బైబ్యాక్ వరుసలో 50, గడువు తీరిన వరుసలో 150 వేయాలి. ముగింపు 900. చాలామంది తప్పేది ఇక్కడే: ఒప్పంద పత్రంలో 200 అని ఉంది కదా అని అదే వేస్తారు, ముగింపు 50 తగ్గిపోతుంది.

తిరిగి కొన్న సొంత బాండును ఆస్తిగా చూపకూడదు. మళ్లీ అమ్మే ఉద్దేశం ఉన్నా సరే, ఆర్థిక సాధనాలపై అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ఐఎఫ్ఆర్ఎస్ 9 ప్రకారం ఆ మేరకు అప్పు తీరిపోయినట్టే. ఆ 50కి, పోగైన వడ్డీ కాకుండా, 50.4 చెల్లించారనుకోండి. ఆ అప్పు పుస్తకాల్లో సరిగ్గా 50కే ఉంటే, అదనపు 0.4 లాభనష్టాల ఖాతాలో నష్టం. ముఖవిలువ వరుసలో మాత్రం 50 మాత్రమే.

ఇక పుస్తక విలువ. 900కి పోగైన వడ్డీ 7 కలపండి, ఇంకా వడ్డీ ఖర్చులోకి రాయని డిస్కౌంటు 2 తీసేయండి. స్థిర వడ్డీ బాండ్లకు ఫెయిర్ వాల్యూ హెడ్జ్ (వడ్డీ రేట్ల వల్ల విలువ మారే రిస్కుకు రక్షణ) ఉంటే ఆ సవరణ కూడా చేయాలి. వడ్డీ రేట్లు పెరిగిన ఏడాది అది సాధారణంగా మైనస్. ఇక్కడ మైనస్ 9 అనుకుంటే బ్యాలెన్స్ షీటులో 896 రావాలి. నీబోర్‌కు (నార్వే బ్యాంకుల మధ్య వడ్డీ రేటు) ముడిపడిన చర వడ్డీ బాండ్లకు ఈ సవరణ మామూలుగా అక్కర్లేదు.

సబార్డినేటెడ్ అప్పులకు (దివాలా తీస్తే మిగతా అప్పుల తర్వాతే తీర్చేవి) విడిగా వరుస ఉంటుంది. గడువు లేని ఫండ్స్ఒబ్లిగాషూన్‌లను (బ్యాంకు మూలధనంలో లెక్కించే బాండ్లు) ఐఎఫ్ఆర్ఎస్ కింద సాధారణంగా ఈక్విటీగా చూపుతారు కాబట్టి అవి ఈ పట్టికలోకి రావు.

మాతృ బ్యాంకు తన అనుబంధ రుణసంస్థ జారీ చేసిన కవర్డ్ బాండ్లు (ఇంటి రుణాల వంటి ఆస్తుల హామీ ఉన్న బాండ్లు) కొని ఉంచుకుంటే, గ్రూపు లెక్కలో వాటిని కొట్టేయాలి. మాతృ బ్యాంకు విడి లెక్కలో అవి ఆస్తులుగానే ఉంటాయి. చివరగా ప్రతి ఐసిన్‌కూ (ఒక్కో బాండును గుర్తించే కోడ్) డిసెంబర్ 31 నాటి డిపాజిటరీ (బాండ్ల యాజమాన్యం నమోదు చేసే సంస్థ) నివేదికను పక్కన పెట్టుకుని ముఖవిలువ సరిచూడండి. అందులో బ్యాంకు తిరిగి కొని ఉంచుకున్న సొంత బాండ్లు కూడా కలిసే ఉంటాయి, అవి తీసేశాకే మీ 900తో పోల్చండి.