సీ విలువ ఎప్పుడు కట్టాలి?

వేరియబుల్స్ సెపరబుల్ లెక్కల్లో, అంటే ఎక్స్ లని ఒకవైపు, వై లని ఒకవైపు విడదీసి సాధించే అవకలన సమీకరణాల్లో, ఇంటిగ్రేషన్ దగ్గర తప్పుచేసేవాళ్లు తక్కువే, అసలు తంటా అంతా ఆ స్థిరాంకం సీ తోనే. ఒక లెక్క చేస్తూ చూద్దాం.

డీవై/డీఎక్స్ = 2·ఎక్స్·వై², ఎక్స్ = 0 అయినప్పుడు వై = 1.

కుడివైపు ఎక్స్ ముక్క, వై ముక్క గుణకారంలో ఉన్నాయా అన్నది ముందు చూడాలి. ఎక్స్ + వై లాగా కూడికలో ఇరుక్కుంటే ఈ పద్ధతి నేరుగా పనిచేయదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు కాబట్టి వై² తో భాగించి వై లన్నీ ఎడమకి, ఎక్స్ లన్నీ కుడికి పంపేస్తాం:

డీవై/వై² = 2·ఎక్స్·డీఎక్స్

భాగించేటప్పుడు వై సున్నా కాకూడదు కదా, నిజానికి వై = 0 కూడా ఈ సమీకరణానికి ఒక సాధనే, కానీ మనకిచ్చిన విలువ 1 కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. వై(0) = 0 అని ఇచ్చి ఉంటే మాత్రం జవాబు అదే, ఇంటిగ్రేషన్ అక్కర్లేదు.

ఇంటిగ్రేట్ చేస్తే −1/వై = ఎక్స్² + సీ. వై ని విడదీసేదాకా ఆగకండి, విలువలు ఇక్కడే వేసేయండి: −1 = 0 + సీ, అంటే సీ = −1. ఇక వై = 1/(1 − ఎక్స్²). సీ ని మర్చిపోయి చివర్లో తగిలిస్తే వై = −1/ఎక్స్² + సీ అని వస్తుంది, అందులో ఎక్స్ = 0 వేయడమే కుదరదు. నేనూ ఒకప్పుడు ఇలాగే రాసి, ప్రశ్నే తప్పు ఇచ్చారని అరగంట వాదించాను.

సరిచూసుకోవడం తేలిక: ఈ వై ని డిఫరెన్షియేట్ చేస్తే 2·ఎక్స్/(1 − ఎక్స్²)², అంటే సరిగ్గా 2·ఎక్స్·వై².

చాలామంది రాయకుండా వదిలేసేది అంతరం, అంటే సాధన ఏ ఎక్స్ విలువల మధ్య చెల్లుతుందన్నది. హారం 1, −1 దగ్గర సున్నా అవుతుంది, మనం బయల్దేరింది 0 నుంచి, కాబట్టి ఈ సాధన −1 < ఎక్స్ < 1 లోపలే. ఎక్స్ = 2 వేసినా ఫార్ములా −1/3 అని ఏదో ఇస్తుంది, నమ్మకండి, మధ్యలో దారి తెగిపోయింది.

వర్గమూలం వచ్చే లెక్కల్లో ఇంకో మెలిక. డీవై/డీఎక్స్ = ఎక్స్/వై, వై(0) = −3 అయితే వై² = ఎక్స్² + 9 దాకా వచ్చాక ± అని రాసి ఊరుకోకూడదు. ఎక్స్ = 0 దగ్గర −3 రావాలి కాబట్టి వై = −√(ఎక్స్² + 9) ఒక్కటే.