టొయోటా 22ఆర్ పికప్ మీద వెబర్ 32/36: ఏ లక్షణానికి ఏం చూడాలి

అమెరికాలో 1981 నుంచి 1990 దాకా అమ్మిన కార్బొరేటర్ టొయోటా పికప్‌లలో ఉన్నది 22ఆర్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 2,366 సీసీ. కంపెనీ బిగించిన ఐసాన్ కార్బొరేటర్ (గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కి ఇచ్చేది) చెడ్డదేమీ కాదు, కానీ దాని చుట్టూ అల్లుకున్న వాక్యూమ్ గొట్టాలు ఇన్నేళ్లకి అప్పడాల్లా పెళుసెక్కి ఉంటాయి. అందుకే చాలామంది దాన్ని తీసేసి వెబర్ కంపెనీ కార్బొరేటర్ పెడతారు. పెట్టాక మొదలయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ వాటికి జెట్లతో, అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలతో, సంబంధం ఉండదు. సందుల్లోంచి గాలి లాగడం, పెట్రోల్ ప్రెషర్ ఎక్కువ కావడం, చోక్ (చల్లని ఇంజన్‌కి గాలి తగ్గించే పలక) వైరు తప్పుచోట కలపడం, ఈ మూడూ చూడకుండా జెట్ల డబ్బా తెరవకండి.

ఏది కొనాలి

ఇంజన్ లోపల ఏ మార్పూ చేయకపోతే 32/36 డీజీఈవీ చాలు. ఇందులో గాలి వెళ్లే గొంతులు రెండు: 32 మి.మీ. ప్రైమరీ ముందు తెరుచుకుంటుంది, పెడల్ దాదాపు మూడింట రెండు వంతులు దిగాక 36 మి.మీ. సెకండరీ అందుకుంటుంది. పేరులోని 'ఈ' అంటే కరెంటు చోక్. డీజీఏవీ అయితే కూలెంట్ వేడితో నడిచే చోక్, డీజీవీ అయితే చేత్తో లాగేది. 38/38 డీజీఈఎస్‌లో రెండు గొంతులూ ఒకేసారి తెరుచుకుంటాయి. క్యామ్, హెడర్స్ (ఎగ్జాస్ట్ గొట్టాలు) మార్చిన ఇంజన్‌కి అది పనికొస్తుంది. మామూలు 22ఆర్ మీద పెడితే పెట్రోల్ తాగుతుంది, కింది ఆర్‌పీఎంలో బరువుగా లాగుతుంది.

అసలు వెబర్ బాడీ మీద స్పెయిన్‌లో తయారైనట్టు పోతలోనే ఉంటుంది. నకళ్లలో థ్రాటిల్ షాఫ్ట్ బిగువు, లోపలి జెట్ సైజులు అసలుకి సరిపోతాయన్న భరోసా లేదు. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో సంగతి: అక్కడ 1976, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ బళ్లకి స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష ఉంది. ఆ రాష్ట్ర ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (వాడుకకి అనుమతి) నంబరు లేని కిట్ బిగిస్తే కంటితో చూసే తనిఖీలోనే బండి ఆగిపోతుంది.

కార్బొరేటర్ ముట్టుకునే ముందు వాల్వ్ క్లియరెన్స్ సరిచేయండి. ఇంజన్ వేడిగా ఉండగా ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. ఇగ్నిషన్ టైమింగ్ బానెట్ కింది స్టిక్కర్ ప్రకారం ఉండాలి. బిగిసిపోయిన వాల్వ్‌ని ఏ జెట్టూ నయం చేయదు.

ఐడ్లింగ్ నిలకడగా లేదు, పైకీ కిందకీ ఊగుతోంది

కారణం నూటికి తొంభై పాళ్లు అడాప్టర్ ప్లేట్ (పాత మానిఫోల్డ్ మీద వెబర్ కూర్చునేలా చేసే పలక) దగ్గర గాలి లాగడమే. కిట్‌లో అల్యూమినియం ప్లేట్లు రెండు వస్తాయి. కింది ప్లేట్ మానిఫోల్డ్‌కి, పై ప్లేట్ కింది ప్లేట్‌కి, కార్బొరేటర్ పై ప్లేట్‌కి బిగుస్తాయి. అంటే కింది ప్లేట్ స్క్రూలు పై ప్లేట్ కింద దాక్కుని ఉంటాయి. పైనుంచి చూస్తే అంతా గట్టిగానే కనిపిస్తుంది. ఇంజన్ నాలుగు సార్లు వేడెక్కి చల్లారేసరికి ఆ స్క్రూలే ముందు వదులవుతాయి.

తెలుసుకోవడానికి, ఇంజన్ నడుస్తుండగా వెలిగించని ప్రొపేన్ గొట్టాన్ని ప్లేట్ల చుట్టూ, మానిఫోల్డ్ ప్యాకింగ్ వెంట మెల్లగా తిప్పండి. ఆర్‌పీఎం మారిన చోటే లీకు. కార్బ్ క్లీనర్ స్ప్రేతోనూ ఇదే చేస్తారు, కానీ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది. ఏది వాడినా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి.

లీకు అక్కడే ఉంటే సగం సగం బిగించి లాభం లేదు. అంతా విప్పండి. సాండ్‌పేపర్‌ని అద్దం పలక మీద పరిచి ప్లేట్‌ని నాలుగుసార్లు రుద్దండి. మెరుపు అంచుల్లోనే వచ్చి నడుమ రాకపోతే ప్లేట్ వంగినట్టు. చదును అయ్యేదాకా రుద్ది, కొత్త ప్యాకింగులు వేసి, స్క్రూలకి నీలం థ్రెడ్‌లాకర్ రాసి ఎదురెదురు మూలలు మారుస్తూ బిగించండి. కార్బొరేటర్ నట్లని మాత్రం పంతం పట్టి బిగించకండి, బేస్ వంగి కొత్త లీకు పుడుతుంది.

ప్లేట్ బాగుంటే మూతలేని పాత వాక్యూమ్ పోర్టులు, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపేది) చూడండి.

కాలు తీస్తే ఆగిపోతోంది

ఐడిల్ స్పీడ్ స్క్రూ బాగా లోపలికి తిప్పితే తప్ప ఇంజన్ నిలవదంటే ఐడిల్ జెట్ మూసుకుందనో, చిన్నదనో అర్థం. బాడీ పక్కన ఇత్తడి హోల్డర్ విప్పితే దాని చివర జెట్ ఉంటుంది. వెలుతురుకి పెట్టి చూడండి. 60 నంబరు జెట్‌లో రంధ్రం 0.60 మి.మీ., ఒక్క నలుసు చాలు పూడిపోవడానికి. గాలి ఊదండి, తీగ పెట్టి పొడవకండి. హోల్డర్ ఓ-రింగ్ నలిగి ఉంటే మార్చండి.

తర్వాత సెట్టింగ్. ఇంజన్ పూర్తిగా వేడెక్కి చోక్ తెరుచుకున్నాక మొదలుపెట్టాలి. స్పీడ్ స్క్రూని లివర్‌కి తగలనంత వెనక్కి తిప్పి, మళ్లీ తగిలేదాకా తెచ్చి, అక్కడినుంచి అర చుట్టు లోపలికి. ఏం చేసినా ఒకటిన్నర చుట్లు దాటకూడదు. మిక్స్చర్ స్క్రూని మెత్తగా అడుగుకి తాకించి, 2 చుట్లు బయటికి. గట్టిగా నొక్కితే దాని మొన చెడుతుంది. ఇంజన్ నడిపి, మిక్స్చర్ స్క్రూని తడబడేదాకా లోపలికి తిప్పి, నునుపుగా నడిచేదాకా పావు చుట్టు చొప్పున వెనక్కి రండి.

ఇంజన్ బాగా నిలిచిన చోటు ఒకటిన్నర, రెండున్నర చుట్ల మధ్య ఉంటే జెట్ సరైనదే. రెండున్నర దాటితే జెట్ చిన్నది, ఒక సైజు పెంచండి, అంటే 60 నుంచి 65. ఒకటిన్నర లోపే కుదిరితే 55కి దిగండి. స్పీడ్ స్క్రూ మరీ లోపలికి పోయి ఉంటే థ్రాటిల్ పలక పైనున్న ట్రాన్సిషన్ రంధ్రాలు (పలక తెరుచుకోవడం మొదలైనప్పుడు పెట్రోల్ వదిలేవి) బయటపడి మిక్స్చర్ స్క్రూ మాట చెల్లదు. అప్పుడు మళ్లీ గాలి లీకు దగ్గరికే వెళ్లాలి.

పికప్‌లో పికప్ లేదు

పెడల్ తొక్కగానే ఒక్క క్షణం చచ్చిపోయి తర్వాత లాగుతుందా? ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, ప్రైమరీ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ కదపండి. కదిలీ కదలగానే సన్నని ధార పడాలి. ఆలస్యంగా పడితే, చుక్కలే పడితే యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ (ఆ ధారని తోసే రబ్బరు పొర) పోయినట్టు. పక్కన 4 స్క్రూల మూత కింద ఉంటుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి పాత రబ్బరు గట్టిపడి చిరుగుతుంది. ధార బాగుండి కూడా తడబడితే టైమింగ్, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం చూడండి.

పెడల్ సగం దాటి సెకండరీ తెరుచుకునే చోట మాత్రమే గుంతలో పడ్డట్టుంటే సెకండరీ ఐడిల్ జెట్‌ని ఒక సైజు పెంచండి.

నల్ల పొగ, పెట్రోల్ వాసన, ఓవర్‌ఫ్లో

వెబర్ నీడిల్ (ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోల్‌ని ఆపే సూది వాల్వ్) 3.5 పీఎస్ఐ దాటితే పెట్రోల్‌ని ఆపలేదు. 22ఆర్ మెకానికల్ పంపు అంతకు మించి ఇవ్వగలదు. పంపుకీ కార్బొరేటర్‌కీ నడుమ రెగ్యులేటర్ పెట్టి 2.5-3 పీఎస్ఐకి తేవాలి. రెగ్యులేటర్ డయల్ మీది అంకెల్ని నమ్మకండి, దాని తర్వాత గేజ్ పెట్టి చదవండి.

ప్రెషర్ బాగున్నా పొంగుతుంటే పై మూత విప్పండి. చోక్ లింకేజ్ పట్టే చిన్న క్లిప్‌ని తీసేముందు గొంతుల్లో గుడ్డ కుక్కండి, అది జారితే నేరుగా మానిఫోల్డ్‌లోకే. ఫ్లోట్ (గిన్నెలో పెట్రోల్ మీద తేలి నీడిల్‌ని మూసేది) ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోల్ తొణికిన చప్పుడైతే చిల్లిపడ్డట్టే. మూతని నిలువుగా పట్టుకుని, ఫ్లోట్ నాలుక నీడిల్ చివరి బంతిని తాకీ నొక్కకుండా ఉన్నప్పుడు మూత నుంచి ఫ్లోట్ అడుగుకి కొలవండి. ఇత్తడికి 41 మి.మీ., ప్లాస్టిక్‌కి 35 మి.మీ. ప్యాకింగ్ తీసి కొలవాలా, ఉంచి కొలవాలా అన్నది మీ కిట్ కాగితంలో చూడండి.

పొగ మొదటి పది నిమిషాలే అయితే తప్పు చోక్‌ది. దాని వైరుకి తాళం తిప్పినప్పుడే వచ్చే పూర్తి 12 వోల్టులు కావాలి. బ్యాలస్ట్ రెసిస్టర్ (వోల్టేజ్ తగ్గించేది) ఉన్న ఇగ్నిషన్ కాయిల్ నుంచి తీస్తే వోల్టేజ్ చాలక చోక్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. చల్లని ఇంజన్ మీద పెడల్ ఒక్కసారి తొక్కితే పలక మూసుకోవాలి, నడిపిన అయిదు నిమిషాల్లో నిలువుగా నిలబడాలి. లేకపోతే 3 స్క్రూలు వదులు చేసి చోక్ డబ్బాని కొంచెం తిప్పండి.

వేడి మీద ఆపి, పది నిమిషాలకి స్టార్ట్ చేస్తే కాదు

ఇంజన్ వేడికి ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరుగుతుంది. పంపుకి రిటర్న్ గొట్టం ఉంటే కిట్ బిగించేటప్పుడు దాన్ని మూసేయకండి. కార్బొరేటర్ కింద ఫినాలిక్ స్పేసర్ (వేడిని ఆపే దిమ్మ) వేస్తే చాలావరకు తగ్గుతుంది, బానెట్‌కి ఎత్తు చాలుతుందో ముందే కొలవండి.

ఘాట్ ఎక్కనంటోంది

ముందు ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, మీరు పైనుంచి చూడండి. రెండు పలకలూ నిలువుగా రాకపోతే కేబుల్ సర్దితే సరి, జెట్ల ఖర్చు మిగిలింది. తర్వాత ఫిల్టర్. ఆ తర్వాతే మెయిన్ జెట్. జెట్ తల మీది అంకె చూసి రాసుకోండి, 140 అంటే 1.40 మి.మీ.

ఎత్తు ప్రదేశాల్లో మాత్రం జెట్ పెంచడం కాదు, తగ్గించాలి. డెన్వర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సుమారు 15 శాతం తగ్గి, సముద్ర మట్టంలో కుదిరిన బండి 8 శాతం దాకా రిచ్ (గాలికి మించి పెట్రోల్) అవుతుంది. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక 140 తీసి 135 వేస్తే సరిపోతుంది. పై ఆర్‌పీఎంలో మాత్రమే తేడా ఉంటే మెయిన్ జెట్ కదపకుండా ఎయిర్ కరెక్టర్ (పెట్రోల్‌లో కలిసే గాలిని కొలిచే జెట్) మార్చండి. అది పెద్దదైతే లీన్ (పెట్రోల్ తక్కువ), చిన్నదైతే రిచ్. ఒకసారికి ఒక్క జెట్టే మార్చండి, మార్చిన ప్రతిసారీ అదే ఘాట్, అదే గేరులో ఎక్కించి చూడండి.