ఇంటర్ చదువుతూ హార్వర్డ్, ఎంఐటీలకు దరఖాస్తు చేయడం ఎలా?

హార్వర్డ్, ఎంఐటీ లాంటి అమెరికా యూనివర్సిటీల్లో సీటు దక్కేది దరఖాస్తు చేసినవాళ్ళలో నూటికి ఐదుగురి లోపే. అయినా కడప, కర్నూలు, అనంతపురం పిల్లల్లో చాలామంది ఆగిపోయేది ఆ పోటీని చూసి కాదు, "అంత డబ్బు మనకెక్కడిది" అన్న మాట దగ్గరే. అందుకే ముందు డబ్బు సంగతి.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ కాలేజీ విదేశీ విద్యార్థుల ఆర్థిక స్థితి చూడకుండానే సీటు ఇస్తాయి. ఆ తర్వాత ఇంటి ఆదాయం లెక్కగట్టి, కుటుంబం కట్టలేని మొత్తానికి సాయం చేస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో మాత్రం విదేశీయులు సాయం అడిగితే, సీటు నిర్ణయంలో దాన్ని కూడా చూస్తారు. అయినా అవసరముంటే దరఖాస్తుతోపాటే అడగండి. తర్వాత అడిగితే కుదరదు.

ఇంటర్ మొదటి ఏడాది

మొదట పాస్‌పోర్టు తీసుకోండి. కడపలో, కర్నూలులో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

శాట్ అంటే అమెరికా యూనివర్సిటీల్లో ప్రవేశానికి రాసే పరీక్ష, 1600 మార్కులకు ఉంటుంది. ఖాన్ అకాడమీలో ఉచితంగా సాధన చేయొచ్చు. జేఈఈ లెక్కలు చేసే పిల్లలకు దీని గణితం బరువనిపించదు, మార్కులు పోయేది ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే భాగంలో. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవడం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి. రెండో ఏడాది ఆగస్టులోనో అక్టోబరులోనో పరీక్ష రాస్తే సరిపోతుంది. పరీక్ష రాయడానికి అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర.

సిఫారసు ఉత్తరాలు: అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే

ఇద్దరు లెక్చరర్లు, ప్రిన్సిపాల్ మీ గురించి రాయాలి. మన కాలేజీల్లో ఎక్కువగా వినిపించే జవాబు, "నువ్వే రాసుకొని రా, సంతకం పెడతాను." దానికి ఒప్పుకోవద్దు. అది నిజాయితీ కాదు. పైగా దరఖాస్తులో మీరు రాసే వ్యాసంలోనూ ఉత్తరంలోనూ ఒకే గొంతు వినిపిస్తే చదివేవాళ్ళు పసిగడతారు. "సార్, దీన్ని మీరే ఆన్‌లైన్‌లో పంపాలి, నేను చూడకూడదు. మీకు గుర్తుండటానికి ఈ కాగితం ఇస్తున్నాను" అని మర్యాదగా చెప్పండి.

ఆ కాగితంలో పొగడ్తలు వద్దు, జరిగినవి రాయండి: ఏ లెక్కను వేరే దారిలో చేశారు, స్టడీ అవర్‌లో ఎవరికి ఏ పాఠం చెప్పారు, ఏ ప్రశ్నకు జవాబు దొరక్క మళ్ళీ మళ్ళీ స్టాఫ్‌రూమ్‌కు వెళ్ళారు. ఎంఐటీ ఒక ఉత్తరం గణితం లేదా సైన్స్ లెక్చరర్ నుంచి, మరొకటి భాషలు లేదా సామాజిక శాస్త్రాలు చెప్పేవారి నుంచి అడుగుతుంది. ఎంపీసీ వాళ్ళు తెలుగు మేడమ్‌నో ఇంగ్లీషు సార్‌నో అడగాలన్నమాట. మిమ్మల్ని మనిషిగా ఎరిగింది చాలాసార్లు వాళ్ళే. రెండో ఏడాది జూన్, జూలైలోనే అడగండి, పరీక్షల హడావిడిలో ఎవరికీ తీరిక ఉండదు.

దరఖాస్తు, వ్యాసం

చాలా యూనివర్సిటీలకు కామన్ యాప్ ద్వారా, అంటే ఒకే దరఖాస్తును పలు యూనివర్సిటీలకు పంపే వెబ్‌సైట్ ద్వారా, దరఖాస్తు చేస్తారు. అది ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎంఐటీకి సొంత పోర్టల్ ఉంది. కామన్ యాప్‌లో పది కార్యకలాపాల దాకా చూపించొచ్చు. ఒలింపియాడ్ పతకాలు లేవని టెన్షన్ పడకండి. ఇంటి బాధ్యతలు చెప్పుకోవడానికి అందులో ప్రత్యేకంగా చోటుంది. నాన్న అంగట్లో లెక్కలు చూడటం, తమ్ముణ్ణి చదివించడం కూడా రాయాల్సినవే.

వ్యాసం 650 పదాలు మించకూడదు. "నా కల పెద్ద ఇంజినీరు కావడం" అని మొదలయ్యేవి వాళ్ళు వేలల్లో చదువుతారు. మీ ఊళ్ళో ఏ బోరు ఎన్ని అడుగులకు ఎండిందో నోటుబుక్కులో రాసి పెట్టారా? వేరుశనగ ఎందుకు దెబ్బతింటోందో రైతులను అడిగి తెలుసుకున్నారా? కడప బ్రౌన్ గ్రంథాలయంలో ఏదో ఒక పుస్తకం పట్టుకొని సెలవులన్నీ గడిపారా? అది రాయండి. మీరు ఎలా ఆలోచిస్తారో అందులో కనిపించాలి. కన్సల్టెన్సీ వాళ్ళతో మాత్రం రాయించుకోవద్దు. లెక్చరర్ తప్పులు దిద్దితే చాలు.

సాయానికి కాగితాలు

చాలాచోట్ల సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలిచ్చే ఆన్‌లైన్ ఫారం) నింపమంటారు. జీతగాళ్ళయితే ఫారం 16, ఐటీ రిటర్న్ పెట్టండి. రైతు కుటుంబమైతే తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం సిద్ధం చేసుకోండి. దరఖాస్తు ఫీజు కట్టలేకపోతే మాఫీ అడగొచ్చు, అడిగినందుకు సీటు అవకాశం తగ్గదు.

దరఖాస్తుకు మామూలు గడువు సాధారణంగా జనవరి మొదటి వారం. ఆ తర్వాత మెయిల్ రోజూ చూడండి, స్పామ్ ఫోల్డర్ కూడా. వీడియో ఇంటర్వ్యూకు పిలుపు అక్కడికే వస్తుంది. ఫలితాలు ఎక్కువగా మార్చిలో వస్తాయి. అప్పటిదాకా జేఈఈ, ఈఏపీసెట్ చదువు ఆపొద్దు. కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంకు, అనంతపురం జేఎన్‌టీయూకు దారి వాటినుంచే. సీటు వస్తే, సాయం ఎంతో రాతపూర్వకంగా వచ్చాక ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుని, మే 1 లోపు జవాబు పంపండి.