టెక్సస్‌లో పాత కారు కొన్నవారికి: బ్రేక్ ప్యాడ్లు మీరే చూసుకోండి

చదువుకోడానికి ఆగస్టులో ఇక్కడ దిగిన పిల్లలు దసరా వచ్చేసరికి నలుగురు రూమ్మేట్లు కలిసి లక్ష మైళ్లు దాటిన కరోలానో సివిక్‌నో కొనుక్కుంటారు. డాలస్ చుట్టుపక్కల ఇది ఏటా చూస్తున్నదే. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) క్లీనా, ఏసీ పనిచేస్తుందా, ఇంజన్ శబ్దం ఎలా ఉంది అని అన్నీ అడుగుతారు గానీ బ్రేకుల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ ప్రశ్న మరీ అవసరం. 2024 దాకా టెక్సస్‌లో కార్లకు ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండేది, అందులో బ్రేకులు కూడా చూసేవారు. 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు దాన్ని ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొల్యూషన్ పరీక్ష ఇంకా ఉంది కానీ, అందులో బ్రేకుల జోలికి పోరు. మీ కారు రేపు 635 హైవే మీద 70 మైళ్ల స్పీడులో ఆగుతుందో లేదో చూసుకోవాల్సింది మీరే.

ఊళ్లో అయితే తెలిసిన మెకానిక్ ఒకడుంటాడు. శబ్దం వస్తోందంటే మనం టీ తాగేలోపు చక్రం విప్పి చూపిస్తాడు. ఇక్కడ నాకు అలాంటివాళ్లెవరూ తెలియదు. వచ్చిన మొదటి ఏడాది ఆయిల్ మార్పించడానికి ఒక షాపుకి వెళ్తే ప్యాడ్లు, రోటర్లు, క్యాలిపర్లు అన్నీ మార్చాలని 900 డాలర్లకు పైగా చెప్పారు. రాత్రంతా టెన్షన్. మర్నాడు మా వీధిలో ఉండే గుంటూరు అన్న చక్రం విప్పి చూస్తే ప్యాడ్లు సగానికి పైగా ఉన్నాయి. షాపులన్నీ మోసం చేస్తాయని నేననను, మంచివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ చూడటం తెలియనివాడికి ఎవరు నిజం చెబుతున్నారో కూడా తెలియదు.

చూడటానికి పనిముట్లేవీ అక్కర్లేదు. కారు చల్లారాక స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం ఊచల సందులోంచి ఫోన్ లైటు వేయండి. మెరుస్తున్న గుండ్రటి ఇనప పళ్లెం రోటర్. మన దగ్గర డిస్క్ అంటాం. దాని అంచును పట్టుకుని ఉన్న దిమ్మ క్యాలిపర్. ఆ రెండిటి మధ్య ఇనప రేకుకు అంటించి ఉన్న నల్లటి పదార్థమే ప్యాడ్. రేకు మందాన్ని కలపకండి, నల్లటి భాగాన్నే లెక్కేయండి. కొత్తప్పుడు అది సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చాలి. రెండు పెన్నీ (ఒక సెంటు) నాణేలు ఒకదానిమీద ఒకటి పెడితే సుమారు 3 మిల్లీమీటర్లు. ఆ మందం కళ్లలో ఉంచుకుని చూడండి. బయటి ప్యాడ్ బాగుంది కదా అని వదిలేయొద్దు. క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతే లోపలి ప్యాడ్ ముందే అరిగిపోతుంది. లోపలిది కనబడకపోతే చక్రం విప్పి చూడాల్సిందే.

శబ్దాలు కూడా చెబుతాయి. వాన పడిన మర్నాడు పొద్దున బ్రేకు గరగరమని, నాలుగుసార్లు నొక్కాక పోతే అది రోటర్ మీద పట్టిన పలచటి తుప్పు, భయం లేదు. రోజూ సన్నగా కీచుమంటుంటే ప్యాడ్ చివరికి వచ్చినట్టు. దానికోసమే చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనప నాలుక పెడతారు, అది రోటర్‌ను రాసుకుంటూ హెచ్చరిస్తుంది. కర్ర్‌మని ఇనుము మీద ఇనుము రుద్దిన శబ్దం వస్తే ఆ కారును ఇక నడపొద్దు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్రేక్ లైటు వెలిగితే మొదట హ్యాండ్ బ్రేక్ చూసి, తర్వాత బ్రేక్ ఫ్లూయిడ్ ఎంతుందో చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం కొంచెం దిగుతుంది.

సామాన్లకు ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలున్నాయి. కౌంటర్లో కారు ఏడాది, కంపెనీ, మోడల్, ఇంజన్ సైజు అడుగుతారు, ముందు చక్రాలకా వెనకవాటికా అనేది కూడా. ఒక డబ్బాలో రెండు చక్రాలకూ సరిపడా నాలుగు ప్యాడ్లు వస్తాయి. ఒక్క చక్రానికే మార్చడం తప్పు, కారు ఒక పక్కకు లాగుతుంది. మనం బ్రేక్ ఆయిల్ అనేదాన్ని ఇక్కడ బ్రేక్ ఫ్లూయిడ్ అనాలి. అందులో డాట్ 3 రకం కావాలో డాట్ 4 రకం కావాలో కారులో ఫ్లూయిడ్ పోసే డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఆయిల్ అన్నారు కదా అని ఇంజన్ ఆయిల్ గానీ పోస్తే సిస్టమ్‌లోని రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి. క్యాలిపర్ లోపల ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నొక్కే పనిముట్టు కొనక్కర్లేదు. ఆ దుకాణాల్లోనే డిపాజిట్ కట్టి తీసుకెళ్లి, తిరిగిచ్చేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

సొంతంగా మార్చాలనుకుంటే ముందు అపార్ట్‌మెంట్ లీజు చదవండి. చాలాచోట్ల పార్కింగ్‌లో రిపేర్లు చేయొద్దని రాసి ఉంటుంది. గ్యారేజ్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లడం మేలు. మొదటిసారి మాత్రం ఇంతకుముందు చేసినవాళ్లను పక్కన పెట్టుకునే చేయండి. నేల చదునుగా, కాంక్రీటుగా ఉండాలి. టెక్సస్ ఎండలకు తారు మెత్తబడి, కారును మోసే జాక్ స్టాండు కాళ్లు దిగబడతాయి. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కింద వేలు కూడా పెట్టకండి. జాక్ స్టాండ్లు వేసి, నేల మీదున్న చక్రాలకు అడ్డం పెట్టాకే పని మొదలుపెట్టండి.

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. చక్రం తీశాక ఒక ఫోటో తీసుకోండి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి. క్యాలిపర్ బోల్టులు తీసి దాన్ని తీగతో చక్రం వెనకున్న సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. దాని ఫ్లూయిడ్ గొట్టం మీద వేలాడదీస్తే గొట్టం దెబ్బతింటుంది. రోటర్ మీద లోతైన గీతలున్నా, దాని మీద ముద్రించిన కనీస మందం కంటే తగ్గినా అది కూడా మార్చాలి. ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి, పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు ఆనించి సీ-క్లాంప్‌తో (సి ఆకారంలో ఉండే మర బిగింపుతో) మెల్లగా లోపలికి నొక్కండి. అప్పుడు ఫ్లూయిడ్ పైకి వస్తుంది, అందుకే ముందుగా నింపి పెట్టొద్దు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. బ్రేక్ దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తడిపి తుడవండి. గ్రీజు జారే పిన్నులకు, ప్యాడ్ రేకు రెండు చివర్ల ఉండే చెవులకు మాత్రమే. రోటర్‌కు గానీ ప్యాడ్ ముఖానికి గానీ అంటితే బ్రేకు పట్టదు. నట్లు ఎదురెదురుగా బిగిస్తూ, చివర్లో ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్ వాడండి. చాలా కరోలాలకు 76, సివిక్‌లకు 80 ఫుట్ పౌండ్లు. మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది ఎట్టిపరిస్థితుల్లోనూ మరిచిపోవద్దు. కారు కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా పదే పదే నొక్కాలి. పిస్టన్ వెనక్కి వెళ్లింది కాబట్టి మొదటి నొక్కుకు పెడల్ నేల దాకా పోతుంది, అప్పటికే కారు రోడ్డెక్కితే ఆగదు. ఫ్లూయిడ్ మట్టం చూసుకుని మూత బిగించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ల నుంచి దాదాపు ఆగేదాకా ఎనిమిది పదిసార్లు మెల్లగా బ్రేకు వేసి ప్యాడ్లను రోటర్‌కు అలవాటు చేయండి. 50 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించి చూడండి.

బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక పిస్టన్‌ను క్లాంప్‌తో నొక్కితే లోపలి మోటారు పాడవుతుంది, అది షాపుకే వదిలేయండి. షాపులో ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లుందో అడిగి, కారు దగ్గర నిలబడి చూసి, ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకున్నాకే సరే అనండి. పని నేర్చుకున్నాక మీ రూమ్మేట్ కారుకు సాయం చేయండి, కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని ఎవరి కారూ బాగుచేయకండి, వీసా స్టేటస్‌కు ముప్పు. ప్యాడ్లు కొన్న రసీదు కూడా దాచుకోండి, చాలావాటికి లైఫ్‌టైమ్ వారంటీ ఉంటుంది. దాని వెనక ఆ రోజు ఓడోమీటర్ అంకె రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి.