కథలోని ఊరికి జ్ఞాపిక తయారుచేసుకునే విధానం

కథలోని ఊరు మనసుకు దగ్గరైనప్పుడు, అక్కడికి వెళ్లి వచ్చినట్టుగా చేతిలో పట్టుకోదగిన వస్తువొకటి ఉండాలనిపించడం సహజం. ఆర్.కె. నారాయణ్ కల్పించిన మాల్గుడి ఏ మ్యాపులోనూ లేదు. అయినా ఆ కథల టీవీ ధారావాహికలో కొంత భాగాన్ని చిత్రీకరించిన, కర్ణాటకలోని అరసాళు రైల్వే స్టేషన్‌లో నేడు మాల్గుడి పేరిట మ్యూజియం వెలసింది.

ముందుగా కథను మళ్లీ చదివి, ఊరి గురించి రచయిత స్పష్టంగా చెప్పిన సంగతులను మాత్రమే రాసుకోవాలి: చెరువు ఏ దిక్కున ఉంది, అంగడి ఏ రోజున జరుగుతుంది, బస్సు ఎక్కడ ఆగుతుంది. ఊరి పేరు అచ్చువేసిన కప్పు బయటివాడు కొనుక్కునే వస్తువు. ఆ ఊరి మనిషి జేబులో ఉండదగిన బస్సు టికెట్టు, కిరాణా చీటీ, తాళంచెవి వంటివే మనల్ని కథలోకి తీసుకుపోతాయని నా గట్టి నమ్మకం.

ఇంతకంటే పెద్ద పని తలపెట్టే వరంగల్ ప్రాంతపు వారికి, గుడ్డపై కథను గడులుగా గీసే చేర్యాల పటాన్ని మించిన నమూనా లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండిన చేర్యాలలో నకాషీ కళాకారులు గీసే ఈ పటాలు గోడ అలంకారం కోసం పుట్టినవి కావు; కథలు చెప్పే కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ, కథ నడిచేకొద్దీ ఒక్కొక్క గడిని చూపడానికి పుట్టినవి. అందుకే ఊరిని ఒకేసారి పైనుంచి చూపే మ్యాపుకు లేని గుణం వీటికి ఉంది: చూసేవాడు ఊళ్లో నడుస్తాడు.

ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చెట్టు బంక, నానబెట్టి రుబ్బి ఉడికించిన చింతగింజల ముద్ద కలిపిన పూతను మూడుసార్లు పట్టించాలి. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి వేయాలి. గుడ్డను నిలువుగా ఉంచి, పూల అంచులతో గడులుగా విభజించి, పై గడిలో ఊరి పొలిమేరను, కింది గడుల్లో నడిచే వరుసలో అంగడిని, బడిని, చెరువును గీయాలి. బొమ్మల వెనుక భాగాన్ని సంప్రదాయం ప్రకారం ఎరుపుతో నింపాలి. రచయిత చెప్పని ఇంటిని మాత్రం కల్పించకూడదు.

ఇంట్లో ఉంచుకోవడానికి కాక అమ్మడానికి చేసేటట్లయితే ముందుగా హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. మన దేశంలో రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు రచనపై కాపీరైట్ ఉంటుంది. పూర్తయిన పటాన్ని మడతపెడితే సుద్ద పూత పగులుతుంది కాబట్టి, గుండ్రని కర్రకు వదులుగా చుట్టి, తేమ తగలని చోట భద్రపరచాలి.