కొత్త కంచె మొక్కల మొదట్లో కలుపు: మీటరు పట్టీ, మూడేళ్ల పని

కంచెగా నాటిన మొక్కలు రెండేళ్లయినా మోకాలెత్తు దాటకపోతే చాలామంది ఎరువు చాల్లేదనుకుంటారు. ముందు చూడాల్సింది మొదట్లో ఉన్న గడ్డిని. కొత్తగా నాటిన మొక్కకు మొదటి కొన్ని నెలలు కుండీలో వచ్చిన మట్టి ముద్ద, దాని చుట్టూ కాస్త నేల, అంతే ఆధారం. ఆ కాస్త నేలలోనే గరిక వేళ్లు అల్లుకుని ఉంటే పోసిన నీళ్లు ముందు గరికకే అందుతాయి. గడ్డిని పొట్టిగా కత్తిరిస్తే చూడ్డానికి బాగుంటుంది గాని, వేళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి అది నీళ్లు లాగడం ఆగదు. పైగా గడ్డి కోసే యంత్రం తీగ తగిలి లేత కాండం చుట్టూ బెరడు లేచిపోయిందంటే ఆ మొక్క ఇక బతకదు. కంచె కింద గడ్డి పొట్టిగా ఉంటే సరిపోదు, అసలు ఉండకూడదు.

వరుసకు అటు అరమీటరు, ఇటు అరమీటరు, మొత్తం మీటరు వెడల్పు పట్టీగా నేల శుభ్రంగా ఉంచాలి. రెండు వరుసలుగా నాటితే బయటి మొక్కల నుంచి కొలవాలి. కంచె ఆకులు కమ్ముకుని నేలకు నీడ పట్టేదాకా, అంటే మామూలుగా 2 నుంచి 3 ఏళ్లు ఈ పని తప్పదు.

నాటే ముందు

ఇంకా నాటకపోతే సగం పని ఇప్పుడే తీరిపోతుంది. నేల తవ్వి చదును చేసి, తడిపి, 2 నుంచి 3 వారాలు వదిలేయండి. పైపొరలోని విత్తనాలు మొలుస్తాయి. వాటిని పారతో పైపైన చెక్కేసి, మళ్లీ లోతుగా తవ్వకుండా మొక్కలు నాటాలి. మళ్లీ తవ్వితే అడుగున నిద్రపోతున్న విత్తనాలు వెలుగులోకి వస్తాయి, చేసిన పని వృథా. మండు వేసవి చేతిలో ఉంటే, తడిపిన నేలపై పారదర్శక పాలిథీన్ షీటు పరిచి అంచులు మట్టిలో పూడ్చి 4 నుంచి 6 వారాలు ఉంచినా విత్తన కలుపు బాగా చస్తుంది. తుంగగడ్డలు మాత్రం దీనికి పూర్తిగా లొంగవు.

నర్సరీ కుండీలను తేలిగ్గా తీసుకోవద్దు. తుంగ చాలాసార్లు తోటలోకి వచ్చేది వాటిలోంచే. నాటేముందు ప్రతి కుండీ పైన 2 సెంటీమీటర్ల మట్టి గీకి పారేయండి. లోపల చిన్న నల్లటి గడ్డలు కనిపిస్తే ఏరేయండి.

ఏ కలుపును ఎలా తీయాలి

విత్తనం నుంచి మొలిచేవి సులువు. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, ఎండ కాసే పొద్దున, 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు మించకుండా చెక్కితే సాయంత్రానికి వాడిపోతాయి. తడి నేలలో చెక్కితే అక్కడే మళ్లీ నాటుకుంటాయి. వానాకాలంలో 10 నుంచి 15 రోజులకోసారి చూడాలి. మొక్క మొదలుకు దగ్గర్లో పనిముట్టు వాడకుండా చేత్తోనే పీకాలి, ఎందుకంటే కంచె మొక్కల లేత వేళ్లు పైపొరలోనే ఉంటాయి. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. అది చర్మానికి పడదు.

గరికను పారతో నరికితే ఒకటి పదవుతుంది. కణుపున్న ప్రతి ముక్కా మొలుస్తుంది. గునపంతో నేల వదులు చేసి, తీగను వీలైనంత పొడవుగా లాగి, బయటపడేయాలి. పక్కన పచ్చిక ఉంటే పట్టీ అంచున 15 సెంటీమీటర్ల లోతు సన్నని గాడి తీసి, రెండు మూడు నెలలకోసారి ఆ గాడిని మళ్లీ శుభ్రం చేయాలి. లేకపోతే గరిక ఒక్క వానాకాలంలోనే పట్టీ దాటి వచ్చేస్తుంది.

తుంగ అసలైన తలనొప్పి. పైకి లాగితే ఆకులే చేతికొస్తాయి, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలకేస్తుంది. గడ్డలు ఒకదానికొకటి సన్నని వేరుతో గొలుసులా ఉంటాయి కాబట్టి తవ్వి గొలుసంతా తీయాలి. ఇప్పటికే నాటిన చోట అంత తవ్వడం కుదరదు. అప్పుడు మొలిచినదాన్ని 2 నుంచి 3 వారాలకోసారి, కొత్త గడ్డ పడకముందే తీస్తూ పోవాలి. గడ్డలోని నిల్వ తరిగి మొలక నీరసిస్తుంది. రెండు మూడు సార్లు మరిచిపోతే మొదటికొస్తుంది.

మల్చింగ్

మల్చింగ్ అంటే నేలను కొమ్మల ముక్కలతోనో గడ్డితోనో కప్పడం. కొత్త కంచెకు ఇంతకంటే మంచి మందు లేదు. ముందు ఉన్న కలుపు తీసి, నేలను బాగా తడిపి, అప్పుడు పరచాలి. పొడి నేలపై పరిస్తే చిన్న వాన కిందికి దిగదు. తురిమిన కొమ్మల ముక్కలైతే 8 సెంటీమీటర్ల మందం సరిపోతుంది. 10 మీటర్ల కంచెకు మీటరు వెడల్పున 800 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు 40 కావాలి. చాలామంది ఇందులో సగం వేసి కలుపు ఆగలేదంటారు. కాండం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. ఆనించి కుప్ప పోస్తే బెరడు తేమకు కుళ్లుతుంది. ముక్కలు నేలపైనే ఉండాలి, మట్టిలో కలిపితే అవి కుళ్లే క్రమంలో నత్రజనిని తాత్కాలికంగా లాగేస్తాయి. ఏడాదికి మందం తగ్గుతుంది, తగ్గినంత మళ్లీ వేయాలి.

కోసిన పచ్చిగడ్డి వాడితే ఒక్కసారికి 2 సెంటీమీటర్లు మించొద్దు, మందంగా వేస్తే పాచిపోయి వేడెక్కుతుంది. కంకులున్న ఎండుగడ్డి, సగం మాగిన పశువుల ఎరువు వేస్తే కలుపు విత్తనాన్ని మీ చేతులతో చల్లినట్టే. చెదలున్న నేలలో ఎండుగడ్డిని కాండానికి ఇంకా దూరంగా ఉంచాలి.

ముక్కల కింద అట్టపెట్టెలు పరిస్తే మొదటి సీజను హాయిగా గడుస్తుంది. టేపులు తీసి, 15 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి వచ్చేలా వేసి తడపాలి. తుంగ అట్టనూ, పలుచని ప్లాస్టిక్ షీటునూ పొడుచుకుని వస్తుంది. కలుపు రాకుండా నేలపై పరిచే నేసిన షీటు గట్టిదే. కాని ఏడాదిలో దానిపై దుమ్ము చేరి, కలుపు షీటు మీదే మొలిచి వేళ్లు అందులోంచి దించుతుంది. అప్పుడు పీకడం నరకం. వేస్తే మూడేళ్లలోపు తీసేయాలి.

కలుపు మందు

చేత్తో కాని చోట మాత్రమే. అన్ని రకాల మొక్కలనూ చంపే గ్లైఫోసేట్ మందు పచ్చని ఆకు ద్వారానే కాదు, లేత కంచె మొక్కల పచ్చని కాండం ద్వారా కూడా లోపలికి పోతుంది. గాలి లేని వేళ, నాజిల్‌కు గొట్టం లాంటి కవచం తొడిగి, మొక్కకు అట్ట అడ్డుపెట్టి కొట్టాలి. బురద నీళ్లతో కలిపితే మట్టి మందును పట్టేసుకుంటుంది. ఎండకు వాడిపోయిన కలుపు మొక్క మందును పీల్చుకోదు. వెడల్పాకు కంచెలో గరిక ఒక్కటే బెడదైతే క్విజలోఫాప్ లాంటి గడ్డిజాతి మందు కంచెకు తక్కువ ప్రమాదం, కాని తుంగ మీద పనిచేయదు. వెదురు కంచె కూడా గడ్డిజాతే, అక్కడ దాన్ని తాకొద్దు. వెడల్పాకు కలుపును చంపే 2,4-డి మందు ఆవిరి పక్కకు పాకి వెడల్పాకు కంచెను వంకర్లు తిప్పేస్తుంది. ఏదైనా లేబుల్ మీది మోతాదు, మీ ప్రాంత నిబంధన చూసుకునే వాడాలి. ఉప్పు చల్లమని చెప్పేవాళ్లుంటారు. ఉప్పు కంచెనూ చంపుతుంది.

రెండో ఏడాది

కంచె ఎక్కిన తీగ కలుపును లాగితే లేత కొమ్మలు విరుగుతాయి. మొదలు దగ్గర కోసి, పైన ఎండిపోయాక విదిలించి, వేరును విడిగా తవ్వాలి. పక్షుల రెట్టలతో పడి మొలిచిన చెట్ల మొక్కలను వేలెడంత ఉన్నప్పుడే పీకండి. కంచె కాండాల మధ్య ముదిరితే వేరుతో తీయడం కుదరదు, ఏటా నరుకుతూ ఉండాల్సిందే. కంచెను త్వరగా ఎత్తు పెంచాలని చివర్లు కత్తిరించకుండా వదిలితే అడుగు బోడిగా మిగిలి, అక్కడ ఎండ పడి కలుపు మొలుస్తూనే ఉంటుంది. చివర్లు తుంచి, కింది కొమ్మలు పైవాటికంటే కాస్త వెడల్పుగా ఉండేలా కత్తిరిస్తే ఆ నీడే కలుపును అణుస్తుంది.