జనరేటర్ కొన్నారా? ముందు చేంజోవర్ స్విచ్ వేయించుకోండి

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే కొమ్మలు తీగల మీద పడటం, కరెంటు పోవడం మామూలే. ఇంట్లో చిన్న పెట్రోల్ జనరేటర్ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. రెండు కొసలకూ ప్లగ్గులు బిగించిన వైరును జనరేటర్ నుంచి తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చే పని మాత్రం చేయకండి. మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే ఆ కరెంటు మీటర్ దాటి వీధి తీగల్లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11,000 వోల్టులు తగ్గి మనకు వస్తాయి కదా, ఇటు నుంచి ఎదురెక్కితే మన 230 వోల్టులు అక్కడ వేలల్లోకి పెరుగుతాయి. సప్లై లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణాల మీదకు వస్తుంది. చేంజోవర్ స్విచ్ ఉంటే లైనో, జనరేటరో ఒక్కటే ఇంటికి కలుస్తుంది. మంచి ఎలక్ట్రీషియన్‌కి ఇది పెద్ద పనేం కాదు.

ఇక పొగ. బాల్కనీ, సెల్లార్, మెట్ల కింద ఎక్కడా జనరేటర్ నడపొద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, కిటికీ తెరిచినంత మాత్రాన అది పోదు. తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయట పెట్టాలి. నిజం చెప్పాలంటే ఫ్లాట్లలో అంత జాగా ఎక్కడిది? వాళ్లకు ఇన్వర్టరే నయం.

జనరేటర్ ఎంత లోడు మోస్తుందో చూసుకునేటప్పుడు 1 హెచ్‌పీ (హార్స్‌పవర్) మోటారు అంటే 746 వాట్లేగా అని లెక్కేయకండి, స్టార్టింగ్‌లో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. పెట్రోల్ పోసేది ఇంజన్ ఆపి, చల్లారాకే.